డిడ్తుల్ శిఖరం మీది ఉక్కు నిచ్చెనలు ఉండాలా, తీసేయాలా?

బాటసారి:
సిడ్నీకి దక్షిణాన 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, మోర్టన్ జాతీయ ఉద్యానంలో ఉన్న డిడ్తుల్ కొండకు గత నెలలో వెళ్లి వచ్చాము. 1770 ఏప్రిల్‌లో ఓడ మీది నుంచి చూసిన జేమ్స్ కుక్‌కు ఆ శిఖరం పావురాల గూడులా తోచినందువల్ల పటాలలో పిజియన్ హౌస్ అనే పేరు నిలిచింది. అక్కడి ఆదివాసుల మాటలో డిడ్తుల్ అంటే స్త్రీ స్తనమని చెబుతారు. రానూపోనూ సుమారు 5 కిలోమీటర్ల నడకే గాని, చివరికి నిలువుగా లేచిన ఇసుకరాతి గోడ అడ్డుపడుతుంది. దానికి బిగించిన నిచ్చెనలే లేకపోతే మాబోటివారు 720 మీటర్ల ఆ శిఖరం మీద కాలు పెట్టలేరు. దిగి వచ్చాక మాత్రం ఒక సందేహం పట్టుకుంది. అటువంటి పేరున్న కొండ నెత్తికి ఉక్కు దిగగొట్టడం సబబేనా? సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

మెట్లదారి:
ఇందులో తప్పేముందో నాకు బోధపడలేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు కట్టుకున్నవాళ్లం మనం; కొండ పవిత్రమైనది కాబట్టే అందరికీ దారి వేశాము. అరవై దాటిన మా అత్తగారు ఆ నిచ్చెనలు ఒక్కొక్క మెట్టే పట్టుకుని ఎక్కి, పైన కూర్చుని, తూర్పున సముద్రాన్నీ పడమట బుడవాంగ్ కొండల వరుసనూ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆ దృశ్యం తాడు పట్టి ఎగబాకగల కుర్రవాళ్లకు మాత్రమే దక్కాలా?

ఇసుకరాయి:
మెట్లదారి గారూ, తిరుమల పోలిక ఇక్కడ కుదరదు. అక్కడ మెట్లు కట్టింది ఆ కొండను కొలిచేవారు. ఇక్కడ నిచ్చెనలు వేసింది నడకకు వచ్చేవారి సౌకర్యం కోసం. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఉలూరు అనే పెద్ద రాతికొండ సంగతి చూడండి. 1964లో అక్కడ ఎక్కేవారు పట్టుకోవడానికి గొలుసు బిగించారు. ఎక్కవద్దని అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలు ఎన్నో ఏళ్లు అడుగుతూ వచ్చారు. ఆ ఎక్కుడు ఆగింది 2019 అక్టోబరు 26న. డిడ్తుల్ మీద అటువంటి నిషేధం లేదు, దారి తెరిచే ఉంది, కాబట్టి ఎక్కినవారిని తప్పుపట్టను. అయితే నిషేధం లేకపోవడాన్ని అనుమతిగా లెక్కవేసుకోవడం నాకు మింగుడుపడదు. మరొక మాట: నిచ్చెన ఉండడంతో ప్రమాదం లేదనిపిస్తుంది. గాలి వీచే రోజున, కింద లోయ కనబడుతుండగా, వెనక్కి తిరిగి కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగిన వారెవరూ దాన్ని తేలిక నడక అనరు. ఉరుములు వినిపిస్తే ఆ ఉక్కు దరిదాపులకు కూడా పోకూడదు.

కొండవాగు:
ఇద్దరూ రాతిని మరిచిపోయారు. అది గ్రానైట్ కాదు. గోడకు అరచేయి ఆనించి తీస్తే బొంబాయి రవ్వలాంటి రేణువులు అంటుకుని వస్తాయి. బూటు జారిన ప్రతిచోటా అంచు కాస్త అరుగుతుంది. నిచ్చెనలు తీసేస్తే జనం రాకుండా ఉంటారనుకోవడం భ్రమ. దగ్గరలోనే ఉన్న క్యాజిల్ కొండకు నిచ్చెనలు లేవు. అక్కడి నిటారు చోట్ల ముందు వెళ్లినవారు కట్టి వదిలేసిన తాళ్లు పట్టుకుని ఎక్కేవారు ఉన్నారు. ఎండకు ఎండి వానకు నానిన ఆ తాడు ఎప్పటిదో, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. బిగించి, అప్పుడప్పుడు పరీక్షించే నిచ్చెన ఒకేచోట ఉంటే గోడ మిగతా భాగమైనా బతుకుతుంది. ఉంచాలా తీయాలా అని మనం తేల్చవలసిన పని కూడా లేదు. ఆ నేల ఎవరిదో వారు తీసేయమన్న రోజున తీసేయాలి.

బాటసారి:
తాళ్ల సంగతి నాకు తట్టలేదు, కొండవాగు గారూ. నిచ్చెనలు తీసేయాలన్న వైపుకే మొగ్గి ఉన్నాను. ఇప్పుడు ఆ మాట గట్టిగా అనలేను. వాటిని ఎక్కాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. సెలవులకు మా అమ్మ వస్తోంది. తెల్లవారుజామునే బయలుదేరి, మొదటి నిటారు దారి దాటి, నడుమ వచ్చే చదునైన ఇసుక బాట మీద కాసేపు కూర్చోబెట్టి, ఆ పేరుకు అర్థం అక్కడే చెబుతాను. గోడ కిందే ఆగుతుందో, పైకి వస్తానంటుందో ఆమె ఇష్టం. నీళ్లు మాత్రం మనిషికి 2 లీటర్లు మోసుకెళ్తాను.