చలికాలంలో కొర్రమట్ట లూర్ వెనకాల వస్తోంది కానీ కొట్టట్లేదు, ఏం చేయాలి?

పరకాల_గాలం

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. వానాకాలమంతా మా ఊరి చెరువులో ఫ్రాగ్‌తో (కప్ప ఆకారం లూర్, అంటే బొమ్మ ఎర) కొర్రమట్టలు బాగానే పడ్డాయి. తుంగ పక్కన వేసి నాలుగు గంతులు వేయిస్తే చాలు, నీళ్ళు పగిలేలా కొట్టేవి. కార్తీకం దాటిన దగ్గర్నుంచి అదే ఫ్రాగ్, అదే చోటు, చప్పుడు లేదు. ఎప్పుడైనా ఒకటి వెనకాల వస్తుంది, నీళ్ళ మీద గీత కదులుతూ కనబడుతుంది, ఒడ్డు దాకా వచ్చి మూతి తిప్పుకొని పోతుంది. ఒళ్ళు మండిపోతోంది.

అమెరికా వాళ్ళ వీడియోలు చూస్తే చలి నీళ్ళలో లోతుగా వేయండి, నెమ్మదిగా లాగండి అంటున్నారు. అట్లనే బరువు జిగ్ (సీసం తల ఉండి అడుగుకు దిగే లూర్) తెచ్చి తూము దగ్గర లోతులో అడుగుకు దించి, కదిలీ కదలకుండా లాగుతున్నా. పొద్దున ఆరింటికే పోయి మంచులో కూర్చుంటున్నా. నాచు తప్ప ఏమీ రావట్లేదు. నా దగ్గర ఏడడుగుల మీడియం రాడ్, 3000 సైజు రీల్, 20 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం) ఉన్నాయి. ఈ చలిలో ఏ లూర్ వాడాలి, ఎంత స్పీడు, ఏ టైమ్? ఎర్రలు గుచ్చి బెండు వేసుకో అనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లో మా బాపు రోజూ ఇస్తున్నాడు.

మానేరు_ఒడ్డు

తమ్ముడూ, ముందు ఆ వీడియోల సంగతి చూద్దాం. వాళ్ళు చలి నీళ్ళు అనేది 4, 5 డిగ్రీల నీళ్ళను, పైన గడ్డ కట్టే చెరువులను. నీళ్ళు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి కాబట్టి, గడ్డ కట్టే చోట అడుగు నీళ్ళే కాస్త వెచ్చన. అందుకే చేప లోతుకు పోతుంది, వాళ్ళూ లోతుకే వేస్తారు. మన దగ్గర ఆ లెక్క నడవదు. రాత్రి ఇగం (గట్టి చలి) పెడితే పై నీళ్ళు చల్లబడి కిందికి దిగుతాయి, తెల్లారేసరికి చెరువంతా ఒకే చలి. పొద్దెక్కాక ముందు వెచ్చబడేది ఒడ్డు పక్క మోకాలి లోతు, నడుము లోతు నీళ్ళు. తూము దగ్గర లోతుకు ఆ వేడి అన్నిటికంటే ఆఖరున చేరుతుంది. పొద్దున ఆరింటికి అక్కడ కూర్చుంటే నీకు జలుబు తప్ప ఏం పట్టదు.

అక్వేరియం షాపులో చిన్న థర్మామీటర్ దొరుకుతుంది, ఎక్కువ ధర కూడా కాదు. సుతిలికి కట్టి, పక్కన చిన్న రాయి జోడించి ఒడ్డున ఒకసారి, లోతులో ఒకసారి దించి చూడు. ఐదు నిమిషాలు వదిలి గబుక్కున పైకి లాగి చదువు. పొద్దున ఏడింటికి ఒడ్డున ఎంత, మధ్యాహ్నం రెండింటికి ఎంత అని రాసుకో. ఎండ బాగా కాసిన రోజు ఆ తేడా చూస్తే ఎప్పుడు పోవాలో ఎవరినీ అడగక్కర్లేదు. నేనైతే చలికాలంలో పదకొండు దాటాకే రాడ్ బయటకు తీస్తా, నాలుగుకల్లా మూసేస్తా.

ఇక ఫ్రాగ్ సంగతి. వానాకాలంలో అది అంత కసిగా కొట్టింది ఆకలికే అనుకోకు. అప్పుడు గుడ్లు పెట్టి పిల్లల గుంపును కాపలా కాస్తుంటుంది, మీదికి ఏది వచ్చినా తరుముతుంది. (పిల్లల గుంపు కనబడ్డ చోట వేయొద్దని నా మాట. తల్లీతండ్రీ పోతే ఆ పిల్లలన్నీ వేరే చేపలకు మేత.) ఇప్పుడు పిల్లలూ లేవు, ఆ కోపమూ లేదు. పైగా నీటి వేడి పది డిగ్రీలు తగ్గితే చేప ఒంట్లో పని ఇంచుమించు సగానికి పడిపోతుంది. తిన్నది అరగడానికే ఎక్కువ టైమ్ పడుతుంది. దూరం నుంచి ఉరికి వచ్చి, నీళ్ళ పైన గంతులేసేదాన్ని పట్టే ఓపిక దానికి లేదు. మూతి ముందుకు వస్తే తింటుంది, లేకపోతే చూసి ఊరుకుంటుంది. నీ దగ్గర జరుగుతున్నది అదే.

అందుకే పైన ఆడేది పక్కన పెట్టు. మూడంగుళాల సాఫ్ట్ ప్లాస్టిక్, ప్యాడిల్ టెయిల్ (తెడ్డులాంటి తోక) ఉన్నది, 5 గ్రాముల బరువుతో, నాచులో ఇరుక్కోకుండా ముల్లు ఒంట్లోనే దాగే ఆఫ్‌సెట్ హుక్‌కు ఎక్కించు. కట్టకు ఎదురుగా చెరువు మధ్యలోకి విసరకు. కట్ట మీద నిలబడి, రాళ్ళ వెంబడి, ఒడ్డుకు రెండు మూడు అడుగుల దూరంలో కట్టకు సమాంతరంగా వెయ్యి. లూర్ పడ్డాక లైన్ బిగించకుండా, అట్లని మరీ వదులుగా కాకుండా పట్టుకొని దిగనివ్వు. అడుగు తాకగానే లైన్ వదులవుతుంది. అప్పుడు రీల్ రెండు చుట్లు, ఆపు. మనసులో ఐదు లెక్కపెట్టు. మళ్ళీ రెండు చుట్లు. తోక దిగేటప్పుడు ఆడుతుంది, చేప చాలాసార్లు ఆ దిగుడులోనే తీసుకుంటుంది.

ముఖ్యంగా గుర్తుపెట్టుకో, వానాకాలంలా చెయ్యి ఊడిపోయే జర్కు రాదు. లైన్ బరువెక్కుతుంది, తడి బట్ట తగులుకున్నట్టు, అంతే. ఒక్కోసారి అడుగు తగలాల్సిన టైమ్‌కు తగలదు, లైన్ పక్కకు జరుగుతుంది. నాచు అనుకొని లాగేస్తే పోతుంది. రాడ్ కొన దించి, వదులు చుట్టేసి, అప్పుడు గట్టిగా ఒక్కటి కొట్టు.

ములుగురోడ్డు

పై అన్న చెప్పినదాంట్లో లోతు సంగతి, టైమ్ సంగతి నూటికి నూరు కరెక్ట్. ఒక్కచోట మాత్రం నాకు పడదు. వాళ్ళది 4 డిగ్రీలు మనది 20 కాబట్టి మనది చలే కాదు అని కొంతమంది తేల్చేస్తారు, అన్న అట్లా అనకపోయినా చదివినవాళ్ళు అదే పట్టుకుంటారు. నీళ్ళ అంకె కాదు, ఏ చేప అనేది చూడాలి. అమెరికా వీడియోల్లో కనబడే స్నేక్‌హెడ్ (ఈ జాతి చేపలకు ఇంగ్లీషు పేరు) చాలామటుకు మన కొర్రమట్ట కాదు, దాని చుట్టం. చైనా, కొరియా, రష్యా వైపుది. 2002లో మేరీలాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో బయటపడి పెద్ద గోల అయింది చూడు, అది. గడ్డ కట్టిన నీళ్ళ కింద కూడా బతుకుతుంది. మనది వెచ్చటి దేశాల చేప, మన కొర్రమట్టకు 18 డిగ్రీలంటేనే గట్టి చలి. కాబట్టి వాళ్ళ స్పీడు కాపీ కొట్టడం ఎట్ల తప్పో, ‘మనకు చలే లేదు’ అని వానాకాలం స్పీడులో లాగడమూ అట్లనే తప్పు.

ఇంకోటి, ఇది గాలి పీల్చే చేప. మొప్పలతోనే సరిపెట్టుకోలేదు, పైకి వచ్చి గుటక వేయాల్సిందే. చలి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములైతే 20 దగ్గర తొమ్మిది దాకా. ఒంటికి అవసరమూ తక్కువే. అందుకని గుటకలు దూరం దూరంగా పడతాయి. కానీ పడతాయి! చెరువు దగ్గరికి పోగానే విసరడం మొదలుపెట్టకుండా, కట్ట మీద కూర్చొని తుంగ పక్కన, తామర సందుల్లో ఎక్కడ ‘గుబుక్’ మంటుందో చూడు. కొర్రమట్టది చిన్న బుడగ, చుట్టూ మెత్తటి సుడి. చేపపిల్లలు ఎగిరితే చిటపటమంటుంది, తేడా తెలుస్తుంది. గుటక పడ్డ చోట నెత్తిన వేస్తే బెదిరి పోతుంది. అది ఏ వైపు తిరిగిందో చూసి, ఆ వైపు రెండు గజాలు దాటించి వేసి, దాని దారిలోకి మెల్లగా తెచ్చి ఆపేయాలి. చలికాలంలో నాకు పడే వాటిలో ఎక్కువ ఇట్లా చూసి వేసినవే, గుడ్డిగా విసిరినవి తక్కువ.

చోటు విషయంలో ఇంకో మాట. ఈ కాలంలో పొద్దు దక్షిణం వాలి నడుస్తుంది కాబట్టి గాలి లేని రోజు చెరువుకు ఉత్తరం ఒడ్డు బాగా కాగుతుంది. ఈశాన్యం గాలి గట్టిగా వీచే రోజు మాత్రం పైన కాగిన నీళ్ళను గాలి అవతలి ఒడ్డుకు తోస్తుంది, మధ్యాహ్నానికి నైరుతి మూల వెచ్చగా ఉంటుంది. మూడు నాలుగు రోజులు మబ్బు పట్టి రాత్రి చలి తగ్గితే అప్పుడు పొద్దున తొమ్మిదికే కొట్టడం మొదలుపెడతాయి. ఆకాశం తేటగా ఉండి తెల్లారి బాగా ఇగం పెట్టిన రోజు మధ్యాహ్నం దాకా ఇంట్లో పడుకో.

సంఘం_సభ్యుడు

నేను లూర్లు వేసేవాణ్ణి కాదు, వల వేసే ఇంట్లో పుట్టినోణ్ణి. మా ఊరి మత్స్య సహకార సంఘంలో ఉన్నా. చూస్తూ ఉండలేక రాస్తున్నా.

తమ్మీ, నీది ఊరి చెరువంటున్నవు కదా, సంఘాన్ని అడిగి వేస్తున్నవా? చెరువులో చేప పిల్లలు పోసి, కాపలా కాసి, ఎండాకాలం నీళ్ళు తగ్గినంక పట్టుకొని ఏడాది సంసారం నడుపుకుంటరు. ఎవరో పట్నం పిల్లలు వచ్చి ఫోన్లతో ఫొటోలు దిగి సంచిలో వేసుకొని పోతే మావాళ్ళకు మండుతది. అడిగితే చాలామంది కాదనరు, ఒకటో రెండో పట్టుకొని మిగతావి వదిలేస్త అంటే ఇంకా సంతోషం. మీరు అడగకుండా వచ్చినప్పుడే లొల్లి. ఇంకోటి, పాఖాల వైపు పోదామనే ఆలోచన ఎవరికైనా ఉంటే అది అభయారణ్యం, అటవీశాఖ వాళ్ళ పర్మిషన్ లేకుండా దిగొద్దు.

ఇక చేప సంగతి. చలికాలం మా వలలకూ కొర్రమట్ట తక్కువే తగుల్తది, ఎందుకంటే వల కదిలే చేపకు. అది కదలదు. గుర్రపు డెక్క దట్టంగా ఉన్న చోట వేర్ల కింద, మత్తడి (నిండిన నీళ్ళు పొర్లే అలుగు) పక్క రాళ్ళ సందుల్ల, పాత గట్లు మునిగిన చోట బురదలో ఒత్తుకొని ఉంటది. వానలకు చెరువు నిండిందంటే శిఖం (చెరువు లోపలి) భూములు కూడా మునుగుతయి, మునిగిన గట్టు ఎక్కడుందో రైతును అడిగితే చెప్తడు. ఆ గట్టు వెంబడి వెయ్యి. నీ లూర్ సంగతి నాకు తెల్వది కానీ చేప ఉండే చోటు అది.

యాసంగికి కాలువ నీళ్ళు విడిచిన రోజుల్లో కాలువ పడే మూలకు పో. చిన్న చేపలు ధారకు ఎదురెక్కుతయి, వాటి వెనక ఇది వస్తది. ధారలో కాదు, ధార పక్కన నీళ్ళు సుడి తిరిగి నిలిచే చోట ఉంటది.

పరకాల_గాలం

సంఘం అన్నా, మా చెరువు ప్రెసిడెంట్ మా మేనమామ దోస్తే, అడిగే వేస్తున్నా. పెద్దవి మాత్రం కళ్ళముందే వదలాలని కండిషన్ పెట్టాడు. మునిగిన గట్టు మాట బంగారం, మా పెద్దనాయన పొలమే సగం శిఖంలో ఉంది, అడుగుతా.

మానేరు అన్నా, రెండు డౌట్లు. ఇప్పుడు నీళ్ళు బాగా తేటపడ్డాయి, అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. బ్రెయిడ్ చూసి బెదురుతుందా? రంగు ఏది? ఇంకా స్పూన్లు, స్పిన్నర్లు చలికి పనికిరావా, నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించా, వచ్చిన దాంట్లో సగం హుక్కులు చేత్తో వంచితే వంగుతున్నాయి.

మానేరు_ఒడ్డు

ములుగు తమ్ముడు చెప్పినదానికి ఒప్పుకుంటున్నా, చేపను బట్టి చలి. కాకపోతే నేను ఇంకో ముక్క కలుపుతా. మన దగ్గర ఒకే రోజులో వేడి మారుతుంది కాబట్టి స్పీడు కూడా ఒకే రోజులో మారాలి. పదకొండింటికి ఐదు లెక్కపెట్టి ఆపేవాడివి రెండింటికి రెండు లెక్కపెడితే చాలు. ఒకటి వెనకాల వచ్చి తిరిగి పోయిందంటే ఆపడం పెంచు, రెండు మూడు దిగేటప్పుడే పట్టాయంటే కొంచెం వేగం పెంచి చూడు. అమెరికా వాళ్ళు గడ్డ కట్టే నీళ్ళలో జెర్క్‌బైట్‌ని (కుదుపుతూ లాగే చేప ఆకారం లూర్) పది పదిహేను సెకన్లు కదపకుండా వదిలేస్తారు, మనకు అంత అక్కర్లేదు. అంతసేపు వదిలితే నాచు పట్టేస్తుంది.

తేట నీళ్ళ మాట నిజం. బ్రెయిడ్ చివర రెండు అడుగుల లీడర్ (హుక్ ముందు కట్టే వేరే దారం ముక్క) కట్టు, 30 పౌండ్ల మోనో (నైలాన్ దారం) లేదా ఫ్లోరోకార్బన్. పళ్ళకు కూడా అదే అడ్డం. రంగు గురించి జనం కొట్టుకుంటారు కానీ తేట నీళ్ళలో పరకపిల్లలా వెండి తెలుపు, లేకపోతే గోధుమ ఆకుపచ్చ. మెరుపులు, గులాబీలు వానాకాలం బురద నీళ్ళకు దాచుకో. నీ నీడ నీళ్ళ మీద పడకుండా నిలబడటం రంగు కంటే ముఖ్యం. మధ్యాహ్నం ఎండ వెనక నుంచి వస్తుంటే కట్ట దిగి కూర్చొని వెయ్యి.

స్పూన్ ఎందుకు పనికిరాదు, వస్తుంది. లాగడానికి కాదు, దించడానికి. మత్తడి గోడ పక్కన నిటారుగా వదిలి, అడుగు తగిలాక రాడ్ జానెడు ఎత్తి మళ్ళీ లైన్ పట్టుకొనే దించు. ఊగుతూ పడుతుంది, దెబ్బ తిన్న చేపపిల్లలా కనబడుతుంది. స్పిన్నర్‌కు మాత్రం బ్లేడ్ తిరగాలంటే కాస్త వేగం కావాలి, ఆ వేగం చలికి ఎక్కువ. మధ్యాహ్నం రెండు దాటాక చూడు, పొద్దున వద్దు.

వంగే హుక్కులు పారెయ్, చేపను మోసేవి కావు అవి, నోట్లో ఇరిగితే దానికీ కష్టం. లూర్ బొమ్మ బాగుంటే బొమ్మ ఉంచుకొని హుక్ మార్చు. మూడుముళ్ళ హుక్ ఉన్నవాటికి తీసేసి సింగిల్ పెట్టు, ముల్లు గింజను (కొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న ముల్లును) ప్లయర్‌తో నొక్కెయ్, మీ ప్రెసిడెంట్ కండిషన్ ప్రకారం వదలాలంటే అదే సుళువు. సాఫ్ట్ ప్లాస్టిక్‌కు 2/0 సైజు ఆఫ్‌సెట్ చాలు. షాపువాడు 5/0 అంటగడతాడు, అది ఎక్కిస్తే మూడంగుళాల బొమ్మ కర్రలా బిగుసుకొని తోక ఆడదు.