హీరో ఓడిపోయిన రెండో భాగమే ఎందుకు బాగుంటుంది?

మాది కావలి. 1977 నాటి హాలీవుడ్ సినిమా ‘స్టార్ వార్స్’ కన్నా దాని రెండో భాగంగా 1980లో వచ్చిన ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ ఎందుకు గొప్పదో చెప్పి మా బావని ఒప్పించలేక చస్తున్నా. "హీరో చెయ్యి తెగింది, ఫ్రెండుని గడ్డకట్టించి పట్టుకుపోయారు, విలనే నాన్నంట. ఇదేం క్లైమాక్సబ్బా?" అంటాడు. నిజమే, గెలుపన్నదే లేదు.

మొదటి భాగంలో పరిచయాలకే బోలెడు టైం పోతుంది, రెండోదాంట్లో నేరుగా మనుషుల్ని కష్టాల్లోకి నెట్టొచ్చని నా లెక్క. పైగా ఈసారి డైరెక్టర్ మొదటిది తీసిన జార్జ్ లూకస్ కాదు, ఇర్విన్ కెర్ష్‌నర్. తేడా అక్కడుందా, లేక మంచు గ్రహం మీద ఓటమితో మొదలుపెట్టిన కథలోనా?

ఆదివారం ఒంగోలులో ఫ్రెండ్సుకి ఈ సినిమా వేస్తున్నా. మొదటిది చూడనివాళ్లకి నేరుగా ఇదే వేస్తే ఆ నాన్న ట్విస్టు పండుతుందా? చూసినవాళ్లు కాస్త చెప్పండి.