చించిల్లాను ఉంచుకోవాలా, ఇచ్చేయాలా? (డల్లాస్‌కు కొత్త)

అనంతపురం కొత్తోడు: అన్నలూ, అక్కలూ, నమస్తే. ఎమ్మెస్‌కు వచ్చి మూడు నెలలయింది. రూమ్మేటుకు వేరే ఊర్లో ఉద్యోగమొచ్చి, తన చించిల్లాను (ఎలుక జాతిది, దట్టమైన బొచ్చుండే చిన్న పెంపుడు జంతువు) నాకు అప్పజెప్పి పోయినాడు. రెండేండ్ల మగది. చదువయినాక అనంతపురం తీసుకపోవచ్చా? లేక ఇప్పుడే ఎవరికన్నా ఇచ్చేసేదా? ఈ చించిల్లాకు చెనక్కాయలంటే ప్రాణం.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు): తమ్ముడూ, ముందు ఆ చెనక్కాయలు ఆపు. దాని కడుపు ఎండుగడ్డికే చేసినట్టుంటాది, నూనెగింజలు పడవు. ఎండుద్రాక్షా వద్దు. తిమోతి అనే రకం ఎండుగడ్డి రోజంతా బోనులో ఉండాల, పెల్లెట్లు (గుళికల మేత) రోజుకు ఒకటి రెండు టేబుల్‌స్పూన్లు, అంతే. పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతానే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరిగేది. గదవ కింద తడి కనపడితే పళ్ల జబ్బు మొదలయిందనుకో.

ఇంక అనంతపురం మాట మర్చిపో. అది దక్షిణ అమెరికా ఆండీస్ కొండల జంతువు. గది 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండాల, 25 దాటితే భయమే. దానికి చెమట పట్టదు, కాబట్టి ఫ్యాను తిప్పినా వేడిగాలి తప్ప సుఖం లేదు. వేడి పోయేది ఎక్కువగా చెవుల నుంచే. చెవులు ఎర్రబడి, పక్కకు వాలి, నోటితో ఊపిరి తీస్తాంటే వడదెబ్బ తగిలినట్టే, వెంటనే డాక్టరు దగ్గరికి పోవాల. మన ఊర్లో మే నెలలో 40 దాటినాక కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టరు ఏసీని లాగుతాదా? పైగా పెంపుడు జంతువని సామాన్లతో పాటు తెచ్చుకునే వెసులుబాటు కుక్కకూ పిల్లికే. మిగతావాటికి డీజీఎఫ్‌టీ (మన దేశపు విదేశీ వాణిజ్య శాఖ) లైసెన్సు కావాల.

కొండారెడ్డి బురుజు (కర్నూలు): ఇదంతా సరే, లీజు చూసినావా అబ్బీ? ఎవరూ అడగరు ఈ మాట. బోనులో ఉండేదే కదా అని లీజులో రాయించకుండా పెట్టుకున్న పిల్లోని సంగతి ఒకటి ఉంది. దుమ్ము స్నానం (నీళ్లకు బదులు గిన్నెలో సన్నదుమ్ము పోస్తే అందులో పొర్లాడేది) హాల్లోనే పోయిస్తాండె. ఏసీ ఫిల్టరు మార్చేదానికి మెయింటెనెన్సు మనిషి వచ్చి చూస్తే, ఫిల్టరు మీద బూడిద రంగు పొర, గోరుతో గీస్తే గీత పడేంత. ఆయప్ప ఫొటో తీసి ఆఫీసుకు పంపినాడు. అనుమతి లేని జంతువని జరిమానా, దానిమీద నెలనెలా పెట్ రెంటు (జంతువు కోసం అదనపు అద్దె), ఖాళీ చేసేటప్పుడు గోడల అడుగున కొరికిన చెక్కపట్టీల లెక్క వేరే. టెక్సాస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్టు ఇయ్యాల, కానీ నీ కొత్త అడ్రసు రాతలో ఇచ్చింటేనే.

తాడిపత్రి అక్క: దుమ్ము గిన్నెను రోజంతా లోపలే ఉంచితే అట్లే అవుతాది. వారానికి రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషాలు, ఆపైన గిన్నె తీసేయాల. లేకుంటే చర్మం ఎండిపోయి కండ్లు మండుతాయి. అగ్నిపర్వతపు సన్నదుమ్మే వాడాల, ఇసుక కాదు. నీళ్లు అసలే పోయొద్దు, అంత దట్టమైన బొచ్చు ఆరక బూజు పడతాది.

ఇప్పుడు అసలు లెక్క. ఇది ఇంకా పదేండ్ల పైన బతుకుతాది, నీ వీసా ఏమో ఏడాదికో మెట్టు. ఎండాకాలమంతా ఏసీ బిల్లు కట్టగలవా? నువ్వు సెలవులకు ఊరికి పోయినన్నాళ్లూ రోజూ చూసే మనిషి ఉన్నాడా? ఎగ్జాటిక్ జంతువుల (ఇట్లాంటి అరుదైన పెంపుడు జంతువుల) డాక్టరు దగ్గర్లో ఉన్నాడా? కుక్కల డాక్టరు చాలడు. ఒక పూట తినకుండా రెట్టలు చిన్నవైపోతే ఆ రోజే చూపించాల, మరుసటి రోజుదాకా ఆగే జబ్బు కాదు అది. ఈ మూడింట్లో ఒకదానికి లేదంటే ఇచ్చేయడమే మేలు.

కొండారెడ్డి బురుజు: ఇస్తే ఊరికే ఇయ్యి. పోషించలేనోడు డబ్బులడిగేదేంది?

తాడిపత్రి అక్క: అట్లనే అందరూ మోసపోయేది! ఊరికే అంటే పాములకు మేత వెతికేటోళ్లు కూడా వస్తారు. కొంచెం రుసుము పెట్టు, బోనుతో సహా.

కొండారెడ్డి బురుజు: పాములోడు ఇరవై డాలర్లకు వెనకాడతాడా అక్కా?

తాడిపత్రి అక్క: ఇరవై అని ఎవరన్నారు? బోను ఖరీదులో సగం.

పెన్నా ఒడ్డు: రుసుము గొడవ మీరు తేల్చుకోండి. తమ్ముడూ, తీసుకునేవాళ్ల ఇంట్లో బోను పెట్టే చోటు, డాక్టరు పేరు అడుగు. ఇంకో చించిల్లా ఉంటే వెంటనే కలపొద్దని చెప్పు, కొట్టుకుంటాయి. ఆడది ఉంటే అసలే వద్దు, 111 రోజుల్లో పిల్లలు. ఇప్పుడు తినే పెల్లెట్లు రెండు వారాలకు సరిపడా కట్టివ్వు, కొత్తవి కొంచెం కొంచెంగా కలపాల. కూర్చునే చెక్కపలకను కడగకుండా అట్లే ఇయ్యి, తన వాసన తెలుస్తాది. పట్టుకునేటప్పుడు బొచ్చు లాగొద్దు, గుప్పెడు ఊడి చేతికొస్తాది. తీసుకపోయే రోజు కారు ఏసీ పది నిమిషాలు ముందే వేసి, తర్వాతే దాని పెట్టెను కార్లో పెట్టు.