వించెస్టర్ కంపెనీ చరిత్ర: చొక్కాల వ్యాపారి తుపాకుల వ్యాపారంలోకి ఎలా వచ్చారు?

ప్రశ్న (కర్నూలు)
మా తాతగారు లైసెన్సుతో ఉంచుకున్న రైఫిల్‌ను ఆయన పోయాక నిబంధనల ప్రకారం అప్పగించాము. ఇప్పుడు ఫోటో ఒక్కటే మిగిలింది. గొట్టం మీద వించెస్టర్ పేరు, అమెరికాలోని న్యూ హేవెన్ అనే ఊరి పేరు ఉన్నాయి. ట్రిగ్గర్ కింది ఇనుప పిడిని కిందికి తోసి పైకి లాగితే కొత్త తూటా ఎక్కేదని నాన్నగారు చెబుతారు. చొక్కాలు తయారు చేయించి అమ్మిన ఆలివర్ వించెస్టరే దీన్ని రూపొందించారా? ఆ కార్ఖానా ఎందుకు మూతపడింది?

సమాధానం (అనంతపురం)
ఆయన పెట్టుబడిదారు మాత్రమేనండీ. 1855లో వాల్కానిక్ అనే తుపాకుల కంపెనీలో డబ్బు పెట్టి, అది దివాలా తీశాక 1857లో న్యూ హేవెన్ ఆర్మ్స్ కంపెనీని నిలబెట్టారు. అక్కడి టైలర్ హెన్రీ 1860లో పేటెంటు పొందిన రైఫిల్‌లో 16 తూటాలు పట్టేవి. 1839లో ఇంగ్లీషువారు కర్నూలు నవాబు కోటలో ఆయుధాలు పట్టుకున్న నాటికి సాధారణంగా ఒక్కో దెబ్బకూ మందు, గుండు మూతి నుంచి దట్టించవలసి వచ్చేదని గుర్తుంచుకుంటే ఈ మార్పు ఎంతటిదో తెలుస్తుంది. అయితే హెన్రీ రైఫిల్‌లో తూటాల గొట్టానికి అడుగున పొడవునా చీలిక ఉండడంతో మట్టి చేరేది. తూటాలను ముందు కొస నుంచే నింపాలి. అదే కంపెనీలో పనిచేసిన నెల్సన్ కింగ్ కుడి పక్కన చిన్న స్ప్రింగు మూత పెట్టి, తూటాలను అందులోంచి నింపేలా చేసి, ఆ గొట్టాన్ని మూసివేయగలిగారు. 1866లో కంపెనీకి వించెస్టర్ పేరు వచ్చింది.

సమాధానం (కడప)
1886, 1892, 1894 నమూనాలు జాన్ బ్రౌనింగ్ రూపొందించినవి. మొదటి ప్రపంచ యుద్ధం కోసం విస్తరించిన కంపెనీ అప్పుల్లో కూరుకుపోగా, 1931లో ఆలిన్ కుటుంబం కొన్నది. నా దృష్టిలో అసలు దెబ్బ 1964లో పడింది. ఖర్చు తగ్గించేందుకు 1894 నమూనాలో గట్టి పిన్నుల స్థానంలో బోలు పిన్నులు, తూటాను పైకెత్తే భాగానికి అచ్చొత్తిన రేకు వాడారు. కొనేవారు ఆ తేడాను వెంటనే పసిగట్టారు. అందుకే నేటికీ సేకరించేవారు 1964కు ముందువాటినే వెతుకుతారు. 1979లో మొదలైన సమ్మె తరువాత, 1981లో కార్ఖానా చేతులు మారి, 2006లో మూతపడింది. మీ తాతగారిది 1894 నమూనా అయి, నంబరు 27 లక్షల లోపు ఉంటే అది పాత పనితనమే. లైసెన్సు పుస్తకంలో నంబరు ఉండాలి, చూడండి.

ప్రశ్న అడిగినవారు
పుస్తకం దొరికింది. 1894 నమూనాయే, నంబరు ఆరు అంకెలే. ఫోటోలో కుడి పక్కన ఆ చిన్న మూత కూడా కనిపిస్తోంది. తాతగారు బొటనవేలితో తూటాలను అందులోంచే నెట్టేవారట.