రెగ్యులర్ సేవర్‌లో 7 శాతం అన్నారు, చేతికి 71 పౌండ్లే వచ్చాయి. పొరపాటు ఎక్కడ జరిగింది?

లీడ్స్ నర్సమ్మ:

అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో నర్సుగా పనిచేస్తున్నాను, ఈ దేశం వచ్చి మూడేళ్ళు. పోయినేడాది, అంటే 2025 మార్చి 5న, ఒక బిల్డింగ్ సొసైటీలో (ఇక్కడ బ్యాంకు లాంటి సంస్థ) రెగ్యులర్ సేవర్ అకౌంట్ తెరిచాను. నెలకు 200 పౌండ్ల వరకు వేసుకోవచ్చు, ఏడాదిపాటు 7 శాతం ఫిక్స్‌డ్ వడ్డీ. మన పోస్టాఫీసు ఆర్‌డీ లాంటిదే కదా అనుకున్నాను. తెరిచిన రోజే 200 వేసి, ఏప్రిల్ నుంచి ప్రతి నెలా 30న దానంతటదే వెళ్ళేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టాను. జీతం 27న పడుతుంది, అద్దె 28న పోతుంది, ఆ తర్వాత ఇది. నైట్ డ్యూటీలు, పాప స్కూలు, వీటి మధ్య మళ్ళీ ఆ అకౌంట్ వైపు చూసిందే లేదు.

2,400కి 7 శాతమంటే 168, మొత్తం 2,568 వస్తాయి, వేసవిలో ఇండియా టికెట్లకు సరిపోతాయి అని లెక్క వేసుకున్నాను. మొన్న గడువు తీరాక చూస్తే ఉన్నవి 2,071 పౌండ్ల 38 పెన్సులు. గుండె ఆగినంత పనైంది. జీతం పడే కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ అంతా వెతికితే సెప్టెంబరు 30న ఒకసారి, డిసెంబరు 30న ఒకసారి నా 200 వెళ్ళి వెనక్కి వచ్చేసింది. రెండుసార్లూ ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది, నేను గమనించనే లేదు.

మా ఆయన మొదటి నుంచీ వద్దంటూనే ఉన్నారు. ఊళ్ళో వాళ్ళ నాన్న డబ్బు కట్టిన సొసైటీ ఒకటి బోర్డు తిప్పేసిందట, ఆ భయం ఆయనకింకా పోలేదు. ఇప్పుడు "చూశావా" అంటున్నారు. నిజంగా మోసపోయానా? మళ్ళీ తెరవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత డైరీ, రెడింగ్:

చెల్లెమ్మా, మీ డబ్బు ఎవరూ తినలేదు. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. నేను పన్నెండేళ్ళుగా ఈ అకౌంట్లు నడుపుతున్నాను, ఒకప్పుడు నాకూ ఇదే జరిగింది. అప్పటినుంచి ప్రతి అకౌంటుకూ డైరీలో ఒక పేజీ పెట్టుకున్నాను.

మీ కష్టానికి అసలు కారణం 30వ తేదీ. క్యాలెండర్ తీసి 2025 ఆగస్టు 30 ఏ వారమో చూడండి. శనివారం. స్టాండింగ్ ఆర్డర్ సెలవు రోజున కదలదు, తర్వాతి పనిదినానికి వెళుతుంది. అంటే మీ ఆగస్టు డబ్బు సోమవారం సెప్టెంబరు 1న చేరింది. సొసైటీ లెక్కలో అది సెప్టెంబరు వాయిదా. ఆ నెలాఖరున 30న ఇంకో 200 వచ్చేసరికి నెల పరిమితి దాటిపోయింది, అందుకే తిప్పి పంపారు. నవంబరు 30 ఆదివారం. అది డిసెంబరు 1కి జరిగి, డిసెంబరు 30న వెళ్ళింది వెనక్కి వచ్చింది. ఫిబ్రవరిలో ఆఖరి రోజైన 28 కూడా శనివారమే, కాబట్టి ఆ వాయిదా మార్చి 2న చేరి ఉంటుంది. గడువుకు మూడు రోజుల ముందు వేసిన డబ్బుకు వడ్డీ ఏముంటుంది! మీరు చెప్పిన తేదీలతో రోజులు లెక్కవేశాను. పది వాయిదాలకు 7 శాతం చొప్పున సరిగ్గా 71 పౌండ్ల 38 పెన్సులే వచ్చాయి. పెన్నీ తేడా లేదు.

ఇక ఆ 168 సంగతి. అన్నీ సమయానికి వేసినా అంత రాదమ్మా. మొదటి నెల వేసిన 200 మాత్రమే ఏడాదంతా ఉంటుంది, దానికి 14 పౌండ్లు. ఆఖరి నెల వేసింది ఒక్క నెలే ఉంటుంది, దానికి 1 పౌండు 17 పెన్సులు. పన్నెండూ కలిపితే 91. ఇది తెలిసి చాలామంది "7 శాతం అని చెప్పి మూడున్నరే ఇస్తున్నారు" అంటారు, నేను ఒప్పుకోను. అకౌంట్లో ఉన్న ప్రతి పౌండుకూ, ఉన్నన్ని రోజులూ 7 శాతమే ఇస్తున్నారు. ఊళ్ళో మీరు చెప్పిన ఆర్‌డీలోనూ ఆఖరి వాయిదాకు ఏడాది వడ్డీ ఎవరూ ఇవ్వరు కదా.

పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఇప్పటికే 2,400 ఉంటే దాన్ని కరెంట్ అకౌంట్లో ఊరికే ఉంచకండి. ఎప్పుడైనా తీసుకోగలిగే ఈజీ యాక్సెస్ అకౌంట్లో పెట్టి, అక్కడినుంచి నెలకు 200 చొప్పున ఇందులోకి మార్చండి. అది 4 శాతం ఇస్తుందనుకుంటే, మొత్తం అక్కడే వదిలేస్తే ఏడాదికి 96 వస్తుంది. ఇలా మారుస్తూ పోతే రెండూ కలిపి 135 దాకా వస్తుంది.

మీ ఆయనకు ఒక మాట చెప్పండి. ఇక్కడ తెలిసిన మొట్టమొదటి బిల్డింగ్ సొసైటీ 1775లో బర్మింగ్‌హామ్‌లో, ఒక సత్రం లాంటి చోట రిచర్డ్ కెట్లీ అనే ఆయన మొదలుపెట్టింది. ఆ కాలపు సొసైటీలు అచ్చం మన చీటీల్లాంటివి. సభ్యులు నెలనెలా డబ్బు వేసేవారు, పోగైనదాంతో వంతుల ప్రకారం ఒక్కొక్కరికీ ఇల్లు. అందరికీ ఇళ్ళు వచ్చాక సొసైటీని మూసేసేవారు. ఇప్పటివి అలా మూసేసేవి కావు, కానీ ఇప్పటికీ వీటికి యజమానులు సభ్యులే, షేర్‌హోల్డర్లు ఉండరు. అనుమతి ఉన్న బ్యాంకైనా సొసైటీయైనా కూలిపోతే ఎఫ్‌ఎస్‌సీఎస్ అనే రక్షణ పథకం ఒక్కో మనిషికి, ఒక్కో సంస్థలో 1,20,000 పౌండ్ల దాకా చెల్లిస్తుంది. 2025 డిసెంబరు 1కి ముందు అది 85,000 ఉండేది. ఊళ్ళో మామయ్యగారికి ఆ రక్షణ లేకపోయింది, ఆయన భయంలో తప్పేమీ లేదు. ఇక్కడ మాత్రం ఆ రక్షణ ఉంది.

మూడు ఇంటిపేర్లు:

నర్స్ గారూ, పైన అన్నయ్యగారు తేదీల సంగతి చెప్పారు కాబట్టి తెరిచేటప్పుడు వచ్చే చిక్కులు నేను చెబుతాను. మన పేర్లతోనే పెద్ద తలనొప్పి. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం రాసి ఉంది, బ్యాంకులో అక్షరాలు పట్టక సగమే ఉంది. రెగ్యులర్ సేవర్‌కు డబ్బు పంపే కరెంట్ అకౌంట్ మన పేరు మీదే ఉండాలని చాలా చోట్ల అడుగుతారు. పేరు కలవక నాకు రెండు వారాలు ఆగిపోయింది. అన్నిచోట్లా ఒకేలా రాయించుకోండి.

ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోండి. భారత పౌరులం కామన్వెల్త్ కిందికి వస్తాం, చెల్లే వీసా ఉంటే ఇక్కడ ఓటు హక్కు ఉంది. ఆన్‌లైన్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు అడ్రస్ సరిచూసుకోవడానికి చాలా చోట్ల ఆ జాబితా కూడా చూస్తారు. నాకైతే నమోదయ్యాక కరెంటు బిల్లులు అప్‌లోడ్ చేయాల్సిన పని తప్పింది.

ఇంకొకటి. కొన్ని సొసైటీల్లో డబ్బు పంపే అకౌంట్ నంబరు అందరికీ ఒకటే, మనదేదో వాళ్ళకు తెలిసేది రిఫరెన్స్‌లో రాసే రోల్ నంబరుతోనే (సొసైటీ మన అకౌంటుకు ఇచ్చే నంబరు). అది మరిచిపోతే డబ్బు తిరిగొస్తుంది.

లీడ్స్ నర్సమ్మ:

అన్నయ్యా, నిద్రపోయేముందు ఇది చదివి షరతుల కాగితం తీశాను. "క్యాలెండర్ నెలకు 200" అని స్పష్టంగా ఉంది. తెరిచిన రోజు చదివి ఉంటే బాగుండేది. మా ఆయనకు చీటీల గురించి మీరు రాసింది చదివి వినిపించాను, ఆయన చాలాసేపు వాళ్ళ నాన్న గురించే మాట్లాడారు. మళ్ళీ తెరుస్తున్నాం, ఈసారి ఇద్దరం చెరొకటి. స్టాండింగ్ ఆర్డర్ 3వ తేదీకి పెడుతున్నాను. సరిపోతుందా? వడ్డీ మీద పన్ను కట్టాలా?

పాత డైరీ, రెడింగ్:

సరిపోతుంది. ఈ ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, ఆ తర్వాత శని, ఆది, ఈస్టర్ సోమవారం. డబ్బు 7న మంగళవారం వెళుతుంది, అయినా ఏప్రిల్ లోపలే. మే 3 ఆదివారం, 4న బ్యాంక్ హాలిడే, కాబట్టి 5న వెళుతుంది. మీ ఆయనది వేరే బ్యాంకులో అయితే ఒక సంగతి అడగండి. కొన్ని బ్యాంకులు క్యాలెండర్ నెల కాకుండా అకౌంట్ తెరిచిన తేదీ నుంచి నెల లెక్కిస్తాయి.

పన్ను గురించి భయం లేదు. 20 శాతం పన్ను కట్టేవాళ్ళకు ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా అన్ని అకౌంట్లలో కలిపి 1,000 పౌండ్ల వడ్డీ వరకు పన్ను లేదు, 40 శాతం వాళ్ళకు అది 500.

గడువు తీరిన ఆ 2,071 ఇప్పుడు ఎక్కడుందో చూడండి. చాలా చోట్ల తక్కువ వడ్డీ అకౌంట్లోకి దానంతటదే మారిపోతుంది. ఈ వారమే ఈజీ యాక్సెస్‌లోకి మార్చి, కొత్త స్టాండింగ్ ఆర్డర్ అక్కడినుంచి పోతుందేమో కనుక్కోండి. పోకపోతే ప్రతి నెలా 1న ఒక 200 కరెంట్ అకౌంట్లోకి తెచ్చుకోండి.