పిల్లల సైన్స్ ఫిక్షన్‌కు ముందు పాపులర్ సైన్స్ చదివించాలా?

హన్మకొండ టీచర్: మా బడిలో ఏడో తరగతి పిల్లలతో సైన్స్ ఫిక్షన్ కథలు రాయిస్తున్నాం. ముందు ఒక పాపులర్ సైన్స్ వ్యాసం, అంటే అందరికీ అర్థమయ్యేలా సైన్స్ చెప్పే వ్యాసం చదివించి, అందులోంచి కథ అల్లమంటున్నాను. అలా చేస్తే పిల్లల ఊహకు కళ్లెం వేసినట్టేనని మా తెలుగు సార్ అంటున్నారు. మీరేమంటారు?

జనగామ కథకుడు: మీ తెలుగు సార్ మాటే నాదీ. ఒక పిల్ల రామప్ప ఇటుకలతో పడవ కట్టుకుని గోదావరి మీద వెళ్లిందంటే చాలదా? మధ్యలో సాంద్రత గొడవ ఎందుకు? ఇప్పటికే సగం కథలు పాఠాల వాసన కొడుతున్నాయి.

మంచిర్యాల చదువరి: అన్నా, ఆ వాసనంటే నాకూ విసుగే. కానీ ఆ తప్పు సైన్స్‌ది కాదు, కథ ఆపి తాతయ్యతో ఉపన్యాసం ఇప్పించే రచయితది. మీ పడవే తీసుకోండి. రామప్ప గుడి శిఖరంలోని ఇటుకల నిండా సన్నని రంధ్రాలు. సాంద్రత నీటికంటే తక్కువ కాబట్టి తేలుతాయి. ఇది తెలిసిన పిల్లకు వెంటనే డౌట్ వస్తుంది: ఆ రంధ్రాల్లోకి నీళ్లు చేరితే? అప్పటికి పడవ నడి గోదావరిలో ఉంటే? టెన్షన్ అక్కడే పుడుతుంది. ఎన్నటికీ మునగని పడవలో భయమెక్కడిది?

అంగారకుడి నుంచి రేడియో సంకేతం మనల్ని చేరడానికి, దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అంగారకుడి మీదున్న మనవరాలిని వరంగల్‌లో నానమ్మ "తిన్నావా బిడ్డా" అని అడిగితే, జవాబు రావడానికి ఒక్కోసారి దాదాపు ముప్పావు గంట. అంతసేపూ నానమ్మ ఏం చేస్తుంది? నాకు కథ అక్కడే కనిపిస్తుంది. ఆ నిమిషాల లెక్క తెలియకపోతే ఈ కథ తట్టేదే కాదు.

ఇంకో బాధ కూడా ఉంది. మా వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతోనే కోటసారస్ అనే డైనోసార్ లోకానికి తెలిసింది. దాదాపు 9 మీటర్ల పొడవున్న శాకాహారి, 1988లో పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది. మన పిల్లల కథల్లో మాత్రం అమెరికా టీ-రెక్సే తిరుగుతుంది.

జనగామ కథకుడు: ఆ నానమ్మ కథ నాకే రాయాలనిపిస్తోంది. అయినా వ్యాసం ముందే ఇవ్వడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. పరీక్షల అలవాటున్న పిల్లలు అందులోని వాక్యాలే ఎత్తి రాస్తారు. ముందు కథ మొదలుపెట్టనివ్వండి, ఎక్కడ ఆగిపోతే అక్కడ పుస్తకం చేతికివ్వండి.

హన్మకొండ టీచర్: నిజమే, నోట్‌బుక్కుల్లో వ్యాసం వాక్యాలు కనిపిస్తున్నాయి. ఈసారి ఒక సెక్షన్‌కు వ్యాసం ముందే ఇస్తాను, ఇంకో సెక్షన్‌కు కథ ఆగాక ఇస్తాను. కోటసారస్ మీద పిల్లలు చదవగలిగే తెలుగు వ్యాసం ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి.