గాల్వెస్టన్ ఓడ ప్రయాణం: క్రెడిట్ కార్డు ఆఫర్లతో నిజంగా ఎంత మిగులుతుంది?

కాటీ వాసి (అడిగినవారు):

అందరికీ నమస్కారం. హ్యూస్టన్ పక్కన కాటీలో ఉంటాం. వేసవిలో అమ్మానాన్నలు హైదరాబాదు నుంచి వస్తున్నారు. వాళ్లను ఇక్కడి గాల్వెస్టన్ రేవు నుంచి బయలుదేరే 7 రాత్రుల ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలని మా కోరిక. మేమిద్దరం, ఎనిమిదేళ్ల బాబు, అమ్మానాన్నలు, వెరసి ఐదుగురం. రెండు కేబిన్లు. పన్నులతో కలిపి 5,200 డాలర్లు అయింది. అందులో మా కేబిన్ 2,900, అమ్మానాన్నలది 2,300. ఓడ కంపెనీ వెబ్‌సైటులోనే బుక్ చేసి, మనిషికి 250 చొప్పున 1,250 డాలర్ల అడ్వాన్సు కట్టేశాను. మిగిలిన 3,950 ప్రయాణానికి 90 రోజుల ముందు కట్టాలి. ఆ గడువుకు ఇంకా నెలన్నర ఉంది.

నిన్న నా అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) కార్డు యాప్ తెరిస్తే ఈ ఓడ కంపెనీ పేరుతోనే ఒక ఆఫర్ కనిపించింది. 800 డాలర్లు ఖర్చు పెడితే 160 తిరిగి ఇస్తారట. మా ఆవిడ కార్డులోనూ అదే ఉంది. ఇదేదో ముందే చూసుకుని ఉంటే అడ్వాన్సు కూడా దీనిమీదే కట్టేవాడిని. ఇప్పుడు మిగిలిన మొత్తాన్ని ఏ కార్డుతో ఎలా కడితే మంచిది? నాన్నగారేమో వాళ్ల కేబిన్ డబ్బు తన కార్డుతో తానే కడతానని పట్టుబడుతున్నారు. ఇంకొక చిన్న సందేహం: అమ్మ ఆవకాయ సీసా లేకుండా ఓడ ఎక్కనంటోంది. అది కూడా ఎవరైనా చెప్పగలరు.

చిల్లర లెక్కలు:

అడ్వాన్సు గురించి బాధపడకండి, అసలు మొత్తం ఇంకా మీ చేతిలోనే ఉంది. ముందు ఆఫర్ నిబంధనలు మొత్తం చదవండి. నాలుగు పంక్తులే ఉంటాయి, కానీ కథంతా వాటిలోనే ఉంటుంది. మొదటిది, ఆఫర్‌ను యాప్‌లో నొక్కి కార్డుకు చేర్చుకున్న తర్వాత కట్టిన డబ్బే లెక్కలోకి వస్తుంది. ఒక్క నిమిషం ముందు కట్టినా చెల్లదు. రెండోది, 800 ఒకేసారి కట్టాలా, రెండు మూడు విడతల్లో కట్టినా సరిపోతుందా అన్నది అక్కడే రాసి ఉంటుంది. మూడోది, నేరుగా కంపెనీకే కట్టాలా అన్నది. మీరు వెబ్‌సైటులోనే బుక్ చేశారు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. నాలుగోది గడువు. డబ్బు కట్టే తేదీ ఆ గడువులోపు ఉండాలి, ప్రయాణం తేదీ కాదు.

ఇక అసలు చిట్కా. చివరి చెల్లింపు ఒకే కార్డుతో కట్టాలని నియమమేమీ లేదు. వెబ్‌సైటులో కట్టే మొత్తాన్ని మార్చుకునే వీలుంటే 800 అని వేసి మీ కార్డుతో కట్టండి. తర్వాత మళ్లీ 800 మీ ఆవిడ కార్డుతో. వీలు లేకపోతే ఫోను చేయండి, వాళ్లే విడదీసి తీసుకుంటారు. ఆ రెంటితోనే 320 డాలర్లు మిగిలాయి. ఇంకా కట్టాల్సింది 2,350.

ఒక జాగ్రత్త. మీ ఒక్కరి లాగిన్ కింద రెండు మూడు అమెక్స్ కార్డులుంటే, ఒకదానికి ఆఫర్ చేర్చుకోగానే మిగతావాటిలో అది సాధారణంగా మాయమవుతుంది. మీ ఆవిడది మీ ఖాతా మీద తీసిన అదనపు కార్డా, ఆవిడ పేరు మీద విడిగా ఉన్న ఖాతానా?

కాటీ వాసి:

విడి ఖాతాయే. పెళ్లికి ముందు నుంచీ ఉన్న కార్డు, నాకంటే సీనియర్.

చిల్లర లెక్కలు:

అయితే దిగులు లేదు. మిగిలిన 2,350కి నా సలహా వేరు. ఆరేడు నెలల్లో కొత్త కార్డు తీసుకునే ఆలోచన ఉంటే, దాన్ని ఈ చెల్లింపుకు రెండు మూడు వారాల ముందు తీసుకోండి. ఉదాహరణకు చేజ్ బ్యాంకు వారి సఫైర్ ప్రిఫర్డ్ కార్డుకు ఏడాదికి 95 డాలర్ల రుసుము. మూడు నెలల్లో చెప్పినంత ఖర్చు పెడితే బోనస్ పాయింట్లు ఇస్తారు. 60,000 పాయింట్లు వచ్చాయనుకుంటే నగదుగా తీసుకున్నా 600 డాలర్లు. రుసుము పోగా 505. 160 డాలర్ల ఆఫర్ల కోసం తలలు బద్దలు కొట్టుకుంటాం గాని, అన్నిటికంటే పెద్ద మొత్తం ఇక్కడే ఉంది. ఓడ టికెట్టు లాంటి పెద్ద ఖర్చు ఎలాగూ వస్తున్నప్పుడు, అనవసరంగా ఏమీ కొనకుండానే ఆ లక్ష్యంలో సగం తీరిపోతుంది. గత 24 నెలల్లో ఏ బ్యాంకుదైనా సరే ఐదు కార్డులు తీసుకుని ఉంటే మాత్రం చేజ్ దరఖాస్తు పెట్టినా ప్రయోజనం ఉండదు.

నిదానం:

పై సలహాకు ఒక తోక తగిలిస్తాను. నెల తిరిగేసరికి బిల్లు మొత్తం కట్టగలిగితేనే ఇవన్నీ. వడ్డీ 20 శాతం పైనే ఉంది. 3,950 డాలర్లను ఏడాదిపాటు అలాగే మోస్తే ఆ 320, 505 రెండూ వడ్డీకే పోతాయి. నేను ఒకసారి అలా మోసి, ఆఫర్ వచ్చిందని సంబరపడుతూనే ఆఫర్‌కు రెట్టింపు వడ్డీ కట్టాను.

ఇంకొక మాట. ఎవరూ అడగరు కాని, అడగాల్సింది ముందు ఇదే: టికెట్టు ధర తగ్గిందేమో వారానికి ఒకసారి చూస్తున్నారా? చివరి చెల్లింపుకు ముందు అదే కేబిన్ ధర తగ్గితే ఫోను చేసి కొత్త ధరకు మార్చమని అడగవచ్చు. మీరు తీసుకున్న టికెట్టు రకాన్ని బట్టి కుదురుతుంది. చివరి చెల్లింపు దాటాక బేరం బలం పోతుంది. ఒక కేబిన్ ధర 200 తగ్గితే అది ఒక ఆఫర్ కంటే ఎక్కువ కదా.

రెండు కేబిన్ల కోడలు:

మేం గత ఏడాది అత్తమామలతో వెళ్లి వచ్చాం, కాబట్టి టికెట్టు బయట ఉండే ఖర్చు చెబుతాను. టిప్పులు రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల మధ్య పడతాయి, పిల్లలకు కూడా. మీకు ఐదుగురు, 7 రోజులు అంటే 560 నుంచి 700 డాలర్ల దాకా. వాటిని ఓడలో కాకుండా ముందుగానే వెబ్‌సైటులో కట్టేయవచ్చు. అలాగే వైఫై ప్యాకేజీ కూడా. ఈ డబ్బూ ఓడ కంపెనీకే వెళ్తుంది కాబట్టి, మీ ఆఫర్ నిబంధనల్లో మినహాయింపు లేకపోతే 800లో కలుస్తుంది. ఓడలో కట్టే ఖర్చును కొన్ని ఆఫర్లు లెక్కలోకి తీసుకోవు, అందుకే ఒడ్డున ఉన్నప్పుడే కట్టడం మేలు.

ఓడలో ఖర్చులకు తప్పనిసరిగా క్రెడిట్ కార్డునే నమోదు చేయండి. డెబిట్ కార్డు ఇస్తే ఖర్చును బట్టి డబ్బును పట్టి ఉంచుతారు, విడుదల కావడానికి రోజులు పడుతుంది. మామయ్యగారు తన డెబిట్ కార్డు ఇచ్చి, దిగాక వారం రోజులు బ్యాంకు ఖాతా చూసుకుంటూ కూర్చున్నారు.

మెక్సికోలోని కోజుమెల్ రేవులో దిగాక కొనే వాటికి విదేశీ లావాదేవీ రుసుము లేని కార్డు తీసుకెళ్లండి. లేకపోతే ప్రతి కొనుగోలుకూ సుమారు 3 శాతం అదనం.

విశాఖ తీరం:

నాన్నగారి విషయం నేను చెబుతాను, ఎందుకంటే పోయినసారి మా నాన్నగారూ అచ్చం ఇలాగే పట్టుబట్టారు. భారతీయ కార్డుతో డాలర్లలో కడితే చాలా కార్డులకు 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీలో కట్టినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), దానిమీద 18 శాతం జీఎస్‌టీ. అడ్వాన్సు పోగా వాళ్ల కేబిన్‌కు మిగిలిన 1,800 డాలర్లకు మార్కప్ 63, జీఎస్‌టీ 11 పైచిలుకు. దాదాపు 75 డాలర్లు గాలికి పోతాయి. మార్కప్ లేని కార్డులు కొన్ని ఉన్నాయి, ఆయన దగ్గర అలాంటిది ఉంటే మాత్రం పరవాలేదు. లేకపోతే మీరు ఇక్కడ కట్టేయండి, ఆయన రూపాయల్లో హైదరాబాదులో మీకు కావలసినదేదైనా కొనిపెడతారు. మా నాన్నగారు అలాగే మా ఇంటి ఆస్తి పన్ను కట్టి ఊరుకున్నారు. ఎవరి మాట వాళ్లు నెగ్గించుకున్నట్టే అయింది.

కాటీ వాసి:

ఆస్తి పన్ను ఆలోచన బ్రహ్మాండం. నాన్నగారికి ఇప్పుడే చెబుతాను. బీమా సంగతి ఏమిటండీ? సఫైర్ కార్డుతో కడితే ప్రయాణ బీమా ఉచితం అంటున్నారు. అమ్మకు షుగరు, నాన్నగారికి బీపీ.

చిల్లర లెక్కలు:

ఇక్కడ విడగొట్టి కట్టడం కొంచెం అడ్డం తిరుగుతుంది. సఫైర్ ప్రిఫర్డ్‌లో ప్రయాణం రద్దయితే మనిషికి 10,000 డాలర్లు, ఒక ప్రయాణానికి 20,000 వరకు బీమా ఉంది. దగ్గరి కుటుంబసభ్యులకూ వర్తిస్తుంది. ఖర్చులో కొంత భాగం ఆ కార్డుతో కట్టినా దారి తెరుచుకుంటుంది. అమెక్స్ కార్డుల్లో ఆ బీమా ఉన్నవాటికి టికెట్టు మొత్తం ఆ కార్డుతోనే కట్టాలి. కాబట్టి మీకు బీమా కావాలంటే అది మిగిలిన 2,350 కట్టే కార్డు నుంచే రావాలి, ఆఫర్ కోసం వాడే అమెక్స్ నుంచి కాదు. కార్డు వెంట వచ్చే బీమా పత్రాన్ని దించుకుని ఒకసారి చదవండి.

ఇక షుగరు, బీపీ అంటున్నారు. ముందునుంచి ఉన్న జబ్బుల వల్ల ప్రయాణం ఆగితే ఈ బీమా ఇవ్వకపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, ఓడలో వైద్యుడి దగ్గరికి వెళ్తే బిల్లు నేరుగా మీ గది ఖాతాలో పడుతుంది. కార్డు బీమాను నమ్ముకుని పెద్దవాళ్లను ఎక్కించవద్దు. వాళ్లకు తీసుకునే విజిటర్ బీమా ఓడ మీద, మెక్సికోలో పనిచేస్తుందా అని అడిగి, పనిచేయకపోతే విడిగా ప్రయాణ బీమా తీసుకోండి. ఇంతకంటే పెద్ద ఆదా నాకు తెలియదు.

రెండు కేబిన్ల కోడలు:

వీసా కూడా చూసుకోండి. అమ్మానాన్నల అమెరికా వీసా చాలాసార్లు ప్రవేశించడానికి వీలిచ్చేదై ఉండాలి. ఓడ దిగినప్పుడు మళ్లీ అమెరికాలోకి ప్రవేశించినట్టే కదా. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకు విడిగా వీసా అక్కర్లేదు. ఓడ ఇంకే దేశంలో ఆగినా ఆ దేశం నియమం వేరు, కంపెనీ పంపే పత్రాల జాబితా చూసి తీరాలి. రేవు దగ్గర వెనక్కి పంపితే 5,200 డాలర్లలో ఏ ఆఫర్ వల్లా పైసా కూడా తిరిగి రాదు.

నిదానం:

ఏజెంటు ద్వారా బుక్ చేస్తే ఓడలో ఖర్చు పెట్టుకునే డబ్బు ఇస్తారు, కాస్ట్‌కో ట్రావెల్‌లో అయితే కాస్ట్‌కో దుకాణంలో వాడుకునే షాప్ కార్డు ఇస్తారు అని ఇక్కడ ఎవరో ఒకరు చెబుతారని ఎదురుచూస్తున్నాను, ఎవరూ చెప్పలేదు. కాబట్టి నేనే చెబుతాను. ఈసారికి మీకు కాదు గాని, వచ్చేసారి బుక్ చేసేముందు ఆ మొత్తాలను కార్డు ఆఫర్‌తో పోల్చి చూడండి. రెండూ కలిసి వచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఏజెంటు ద్వారా కట్టినా చాలాసార్లు కార్డును గీకేది ఓడ కంపెనీయే. అడ్వాన్సు కట్టాక స్టేట్‌మెంటులో ఎవరి పేరు పడిందో చూస్తే తెలిసిపోతుంది. కాని నిబంధనల్లో నేరుగా అని ఉంటే, పేరు పడినంత మాత్రాన హక్కు ఉందని వాదించలేరు.

కార్నివాల్ అనే ఓడ కంపెనీ వారి గిఫ్ట్ కార్డులు ఏఏఆర్‌పీ (అమెరికాలో పెద్ద వయసువారి సంఘం) సభ్యులకు కొన్నిసార్లు తక్కువ ధరకు దొరుకుతుంటాయి. సభ్యత్వం 18 ఏళ్లు దాటిన ఎవరైనా తీసుకోవచ్చు, వయసు మళ్లినవారికే అనుకుంటారు అందరూ. నాకు మాత్రం వాటి మీద అంత మోజు లేదు. ప్రయాణం రద్దయితే డబ్బు తిరిగి గిఫ్ట్ కార్డులోకే పోయి, అక్కడే ఇరుక్కుంటుంది.

చిల్లర లెక్కలు:

సరిగ్గా చెప్పారు. ఓడ కంపెనీల సొంత క్రెడిట్ కార్డు గురించి కూడా బుక్ చేసేటప్పుడు ప్రకటన ఒకటి వస్తుంది. ఏడాదికోసారైనా అదే కంపెనీ ఓడ ఎక్కేవాళ్లకు సరే. అయిదేళ్లకోసారి వెళ్లేవాళ్లకు ఆ పాయింట్లు అక్కడే పాతబడతాయి.

కాటీ వాసి:

అందరికీ ధన్యవాదాలు. ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. కొత్త కార్డు తీసుకున్నాను. నా అమెక్స్‌తో 800, ఆవిడ అమెక్స్‌తో 800, మిగతాది కొత్త కార్డుతో. ఆవిడ 160 మూడు రోజుల్లో వచ్చేసింది. నాది రాలేదు. ఎందుకా అని చూస్తే, ఆఫర్ చూసి మురిసిపోయి ఇక్కడ ప్రశ్న వేశాను గాని, కార్డుకు చేర్చుకోవడమే మరిచిపోయాను. ఆవిడ అప్పటికప్పుడే నొక్కేసింది. ఇప్పుడు ఇంట్లో ఎవరు సీనియరో మళ్లీ మళ్లీ తెలుస్తోంది. టిప్పులు ఇంకా కట్టలేదు. ఆఫర్ గడువు ఇంకా మిగిలి ఉంది కాబట్టి ఇప్పుడు చేర్చుకున్నాను. టిప్పులు, వైఫై కలిపి 800 దాటేట్టు చూస్తున్నాను.

రెండు కేబిన్ల కోడలు:

టిప్పులు 560 నుంచి 700 దాకా అవుతాయని లెక్క చెప్పాను కదా, వైఫైతో దాటవచ్చు. దాటించడానికి మాత్రం మీకు అక్కర్లేనిదేదీ కొనకండి.

కాటీ వాసి:

మొత్తం అంతా చెప్పారు గాని, ఆవకాయ గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మ రోజూ అడుగుతోంది.

రెండు కేబిన్ల కోడలు:

ఇంట్లో పెట్టినది ఓడలోకి రానివ్వరండీ. ఇంట్లో వండిన తిండి ఏదీ కుదరదు. అంగడిలో కొన్న, సీలు తీయని పొట్లాల్లో తినుబండారాలకు కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. మా అత్తగారు రేవు దగ్గర కారు డిక్కీలోనే సీసా తెరిచి, మా అందరికీ అన్నం ముద్దలు కలిపి పెట్టి, ఆ తర్వాతే ఓడ ఎక్కారు.